అక్షరాల తెర: 'కర్సెస్' లైబ్రరీ చరిత్ర

బడిలో నల్లబల్ల నిండ వ్రాసిన లెక్కలో ఒక అంకె తప్పు పడినదని తెలిసినప్పుడు ఉపాధ్యాయుడు బల్లనంతటిని తుడిచి లెక్కను మొదటినుండి వ్రాయడు. తప్పిన అంకెను మాత్రము చెరిపి, ఆ చోటనే సరియైన అంకె వేస్తాడు. ఇది ఎవరును ప్రత్యేకముగా నేర్పవలసిన పని కాదు. కాని కంప్యూటరు తన తెరమీద ఇదే పనిని చేయగలుగుటకు కొందరు ప్రజ్ఞావంతులు కొన్ని సంవత్సరములు శ్రమపడవలసి వచ్చినది. ఆ శ్రమకు ఫలముగా పుట్టినది 'కర్సెస్' అను లైబ్రరీ.

లైబ్రరీ అనగా ఇక్కడ పుస్తకాలయము కాదు. ప్రోగ్రాములు వ్రాయువారందరికి పదేపదే అవసరమగు పనులను ఒకరు ఒకసారి చక్కగా వ్రాసి, మిగిలినవారు పేరు పెట్టి పిలిచి వాడుకొనుటకు వీలుగా కూర్చిన చిన్న ప్రోగ్రాముల సముదాయము. అక్షరములను మాత్రమే చూపు తెరను నిర్వహించుటకై 1980లో అమెరికాలోని బర్కిలీలో వెలువడిన ఈ లైబ్రరీ సంతతి నేటికిని లెక్కలేనన్ని యంత్రములలో పనిచేస్తున్నది.

దీని చరిత్ర రెండు ప్రశ్నల చుట్టు తిరిగినది. నెమ్మదియైన తీగ మీదుగా తెరను త్వరగా దిద్దుట ఎట్లు? ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క భాష నేర్పి అమ్మిన యంత్రములన్నిటితోను ఒకే ప్రోగ్రాము మాట్లాడుట ఎట్లు? మొదటి ప్రశ్న కాలమునకు సంబంధించినది. రెండవదానిలో ఇంకొక విషయము కూడ ఇమిడియున్నది. ఒక కంపెనీ యంత్రమును కొన్నవారు ఎల్లకాలము ఆ కంపెనీకే కట్టుబడి ఉండవలెనా అన్నది దానికి దొరకు సమాధానము మీద ఆధారపడియున్నది.

కాగితము నుండి తెరకు

1960లలో కంప్యూటరుతో ముఖాముఖిగా సంభాషించుటకు వాడిన సాధనము టెలిటైపు. తీగల మీదుగా వార్తలు పంపుటకు పుట్టిన యంత్రమిది. 1963లో వచ్చిన 'టెలిటైప్ మోడల్ 33' సెకనుకు 10 అక్షరముల చొప్పున కాగితపు చుట్టమీద అచ్చు కొట్టేది. పంక్తికి 72 అక్షరములు పట్టేవి. కాగితముమీద ఒకసారి పడిన అక్షరమును వెనుకకు తీసుకొనుట సాధ్యము కాదు. కావున ఆనాటి ప్రోగ్రాములు ప్రశ్న, జవాబు పద్ధతిలో, ఒక పంక్తి తరువాత ఒక పంక్తిగా నడిచేవి. 1969లో బెల్ లాబొరేటరీలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు ఆరంభించిన యూనిక్స్ వ్యవస్థలో 'ఎడ్' అను దిద్దుబాటు ప్రోగ్రాము దీనికి మంచి ఉదాహరణము. అందులో దిద్దవలసిన పాఠము ఎల్లప్పుడు కన్నులయెదుట ఉండదు. ఏ పంక్తి చూడవలెనో చెప్పి అచ్చు వేయించుకొని, ఏ మాటకు బదులు ఏ మాట ఉంచవలెనో ఆజ్ఞ రూపమున వ్రాసి, మరల అచ్చు వేయించుకొని సరిచూచుకొనవలెను.

1970లలో టెలిటైపు స్థానమును తెర టెర్మినల్ క్రమముగా ఆక్రమించినది. టెలివిజన్ గొట్టము వంటి గాజు తెర, దాని ముందు టైపు మీటలు, తెరమీద ఉన్న అక్షరములను గుర్తుంచుకొనుటకు లోపల కొద్దిపాటి మెమరీ, ఇంతే దాని నిర్మాణము. లెక్కలు చేయు అసలు కంప్యూటరు మరియొక గదిలోనో, మరియొక భవనములోనో ఉండేది. సర్వసాధారణముగా తెర 24 పంక్తులు, పంక్తికి 80 గడులుగా విభజింపబడి ఉండేది. అనగా మొత్తము 1,920 గడులు. తరువాతి అక్షరము ఏ గడిలో పడునో చూపు గుర్తుకు కర్సరు అని పేరు. కాగితముమీద సాధ్యము కానిది ఇక్కడ సాధ్యమైనది. కర్సరును కోరిన గడికి పంపి అక్కడి అక్షరమును మార్చవచ్చును.

యంత్రమున కొక భాష

అయితే కర్సరును ఫలానా గడికి పొమ్మని చెప్పుట ఎట్లు? టెర్మినలుకు పోవు దారి ఒకటే. చూపవలసిన అక్షరములైనను, పాటించవలసిన ఆజ్ఞలైనను ఆ దారినే పోవలెను. అందుచేత ఆజ్ఞకు ముందు 'ఎస్కేప్' అను ప్రత్యేక సంకేతమును పంపుట వాడుకలోనికి వచ్చినది. ఇక వచ్చునది తెరమీద వేయవలసిన అక్షరము కాదు, చేయవలసిన పని అని దాని భావము. ఇంతవరకు చాలమంది తయారీదారులు ఏకీభవించినారు. ఆపైన ఎవరి దారి వారిది.

ఒక ఉదాహరణ చూడవచ్చును. కర్సరును 6వ పంక్తిలో 21వ గడికి పంపవలెనని అనుకొందము. లియర్ సీగ్లర్ కంపెనీ 1976లో విడుదల చేసిన ఏడీఎమ్-3ఏ టెర్మినలుకు ఇందుకు నాలుగు సంకేతములు కావలెను. మొదట ఎస్కేప్, పిమ్మట సమాన చిహ్నము, ఆపైన పంక్తిని తెలుపు అక్షరము, గడిని తెలుపు అక్షరము. పంక్తులను, గడులను సున్నతో ఆరంభించి లెక్కించి, వచ్చిన సంఖ్యకు 32 కలిపి, ఆస్కీ పట్టికలో ఆ సంఖ్య గల అక్షరమును పంపవలెను. 6వ పంక్తి అనగా 5. దానికి 32 కలుపగా 37. పట్టికలో 37 శాతపు గుర్తు. 21వ గడి అనగా 20. దానికి 32 కలుపగా 52. అది '4' అను అంకె. కాబట్టి ఎస్కేప్, సమాన చిహ్నము, శాతపు గుర్తు, 4 అని పంపినచో కర్సరు పోవలసిన చోటికి పోతుంది. 32 ఏల కలుపవలెనన్న, ఆస్కీలో 0 నుండి 31 వరకు గల సంఖ్యలు అక్షరములకు గాక, గంట మ్రోగించుట, పంక్తి మారుట వంటి నియంత్రణ సంకేతములకు కేటాయింపబడినవి.

డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1975లో తెచ్చిన వీటీ-52కు సమాన చిహ్నమునకు బదులు 'వై' అను ఇంగ్లీషు అక్షరము కావలెను. అదే కంపెనీ 1978లో తెచ్చిన వీటీ-100 పద్ధతి పూర్తిగా వేరు. దానికి ఎస్కేప్, చదరపు బ్రాకెట్టు, 6, సెమికోలను, 21, చివర 'హెచ్' అను అక్షరము, వెరసి ఏడు సంకేతములు పంపవలెను. తెరను తుడుచుటలో కూడ ఇంతే. ఏడీఎమ్-3ఏకు 26వ సంకేతము ఒక్కటి చాలును. వీటీ-52లో ముందు కర్సరును మొదటి గడికి పంపి, అక్కడినుండి చివరివరకు తుడువుమని మరియొక ఆజ్ఞ ఇయ్యవలెను. ఒకదాని ఆజ్ఞను మరియొకదానికి పంపినచో తెరమీద అర్థము లేని గుర్తులు పడతాయి.

దీని పర్యవసానము తేలికైనది కాదు. ఒక కంపెనీ టెర్మినలుకు వ్రాసిన ప్రోగ్రాము ఇంకొక కంపెనీ టెర్మినలుమీద నడవదు. చవకగా వచ్చినదని వేరొక రకము కొన్నచో ఉన్న ప్రోగ్రాములన్నిటిని తిరగవ్రాయవలెను. తిరగవ్రాయు స్తోమత లేనివారు మొదటి కంపెనీ అడిగిన ధర ఇయ్యవలెను. ప్రమాణములు రాకపోలేదు. 1976లో ఐరోపా తయారీదారుల సంఘము ఎక్మా-48 అను ప్రమాణమును, 1979లో అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ ఎక్స్3.64 అను ప్రమాణమును ప్రకటించినవి. వీటీ-100 ఆ మార్గమునే అనుసరించినది. కాని అప్పటికే కొని వాడుకలో ఉన్న వేలకొలది యంత్రములు ప్రమాణము కొరకు తమ భాషను మార్చుకొనలేవు గదా!

నెమ్మది తీగ

రెండవ చిక్కు వేగము. ఇంటినుండి టెలిఫోను తీగ మీదుగా కంప్యూటరుతో పనిచేయు వారికి ఆ రోజులలో మోడెము ద్వారా సాధారణముగా సెకనుకు 300 బిట్లు మాత్రమే వచ్చేవి. ప్రతి అక్షరమునకు ముందు వెనుకల చేర్చు బిట్లతో కలిపి 10 బిట్లు పట్టును గనుక, సెకనుకు 30 అక్షరములు. తెరలోని 1,920 గడులను నింపుటకు 64 సెకనులు కావలెను. సెకనుకు 1,200 బిట్ల మోడెము ఉన్నను 16 సెకనులు పట్టును. కంప్యూటరు ఉన్న భవనములోనే కూర్చొని, సెకనుకు 9,600 బిట్లు మోయు తీగతో పనిచేయువారికి రెండు సెకనులు. ఒక్క మాట మార్చినప్పుడెల్ల తెరనంతటిని మరల వ్రాయు ప్రోగ్రాము మొదటి వారికి ఏ మాత్రము పనికిరాదు.

టెర్మినల్ తన పని తాను చేసికొనుటకు కూడ కొంత వ్యవధి కావలసి ఉండేది. తెర తుడుచుటకు 50 మిల్లీసెకనులు పట్టు యంత్రమునకు ఆ లోపలనే తరువాతి అక్షరములు వచ్చి పడినచో కొన్ని జారిపోతాయి. అందుచేత తుడువుమని చెప్పిన పిమ్మట కంప్యూటరు ఏ అర్థమును లేని ఉత్త సంకేతములను పంపి కాలక్షేపము చేసేది. 9,600 బిట్ల తీగమీద 50 మిల్లీసెకనులకు అట్టివి 48 కావలెను. ఏ యంత్రమునకు ఎంత వ్యవధి కావలెనో అది కూడ తెలిసియుండవలెను.

యంత్రముల జాతకములు

1970ల మధ్యకాలములో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు బెల్ లాబొరేటరీల యూనిక్స్ వచ్చినది. 1976లో లండనులోని క్వీన్ మేరీ కళాశాలనుండి జార్జి కౌలూరిస్ అక్కడికి వచ్చి, తాము తెర టెర్మినళ్లకై వ్రాసిన 'ఎమ్' అను ఎడిటరును చూపినారు. అక్కడి విద్యార్థులు బిల్ జాయ్, చక్ హేలీలు దానినుండి ప్రేరణ పొంది కొత్త ఎడిటరుకు పూనుకొన్నారు. 'ఎక్స్' అను పేర పెరిగిన ఆ ప్రోగ్రామునకు జాయ్ చేర్చిన తెర రూపమే 'వీఐ'. తెరమీద పాఠము కనబడుచుండగా, కర్సరును దిద్దవలసిన చోటికి జరిపి దిద్దుట ఇందలి పద్ధతి. జాయ్ ఇంటివద్ద వాడినది ఏడీఎమ్-3ఏ టెర్మినల్, 300 బిట్ల మోడెము. ఆ టెర్మినలులో హెచ్, జే, కే, ఎల్ మీటలమీదనే బాణపు గుర్తులు ముద్రింపబడి ఉండేవి. వీఐలో కర్సరును నడుపుటకు ఆ నాలుగు అక్షరములు నేటికిని వాడుకలో ఉండుటకు కారణము అదియే.

విశ్వవిద్యాలయములో టెర్మినళ్లు పలు రకములు. ప్రతి రకమునకు ప్రోగ్రాములో ప్రత్యేక భాగము వ్రాయుచు పోయినచో ఆ పనికి అంతులేదు. 1978లో జాయ్ ఇందుకు 'టెర్మ్‌క్యాప్' అను ఉపాయమును వ్రాసినారు. యంత్రపు లక్షణములను ప్రోగ్రాములోనుండి తీసివేసి ఒక ప్రత్యేకమైన ఫైలులో వ్రాసి పెట్టుటయే ఆ ఉపాయము. జ్యోతిష్కుని వద్ద జాతకముల కట్ట ఉన్నట్లు, ఆ ఫైలులో ఒక్కొక్క టెర్మినలుకు ఒక్కొక్క వివరణ ఉండును. 'సీ, ఓ' అను రెండక్షరముల పక్కన 80 ఉన్నచో పంక్తికి 80 గడులని అర్థము. 'ఎల్, ఐ' పక్కన 24 ఉన్నచో 24 పంక్తులు. 'సీ, ఎల్' పక్కన తెర తుడుచు ఆజ్ఞ, 'సీ, ఎమ్' పక్కన కర్సరును జరుపు ఆజ్ఞ ఉండును. 32 కలుపవలెనా, పంక్తి ముందా గడి ముందా అనునవి కూడ అందులోనే వ్రాసియుండును. వాడుకరి తన టెర్మినల్ పేరును 'టెర్మ్' అను చోట తెలిపినచో, ప్రోగ్రాము ఆ పేరుగల వివరణ చదువుకొని దాని ప్రకారము మాట్లాడును.

పైకి చిన్న మార్పువలె కనబడినను దీని ఫలితము పెద్దది. మార్కెట్టులోనికి కొత్త టెర్మినల్ వచ్చినప్పుడు ప్రోగ్రామును ముట్టుకొనవలసిన పని లేదు. ఫైలులో నాలుగు పంక్తుల వివరణ చేర్చిన చాలును. ఆ వివరణను కంపెనీయే వ్రాయవలెనని లేదు. యంత్రముతో వచ్చిన పుస్తకము చదువగల విద్యార్థి ఎవరైనను వ్రాయగలరు. ఆ విధముగా ఏ కంపెనీ టెర్మినల్ కొనవలెనన్న నిర్ణయము కొనువాని చేతికి వచ్చినది.

కర్సెస్ పుట్టుక

టెర్మ్‌క్యాప్ యంత్రపు భాషను తెలిపినది గాని, ఆ భాషలో తక్కువ మాటలతో పని ముగించు నేర్పు ఇంకను వీఐ ప్రోగ్రాములోనే ఇమిడి ఉండినది. దానిని అందరికి పనికివచ్చు లైబ్రరీగా మలచినవారు బర్కిలీలోనే చదువుకొన్న కెన్ ఆర్నాల్డ్. కర్సరును నడుపు భాగమునకు ఆయన జాయ్ వ్రాసిన ప్రోగ్రామునే ఆధారముగా తీసికొన్నారు. 1980లో వెలువడిన బర్కిలీ యూనిక్స్ నాలుగవ విడుదలలో ఈ లైబ్రరీ చేరినది. కర్సరు కదలికలో పొదుపు పాటించునది గనుక, కర్సరు అను మాటమీద శ్లేషగా దానికి కర్సెస్ అని పేరు వచ్చినది. ఇంగ్లీషులో ఆ మాటకు శాపములని అర్థము.

కర్సెస్ పనిచేయు విధానము ఇట్లున్నది. కంప్యూటరు మెమరీలో తెరకు రెండు పటములు ఉండును. ఒకటి, ప్రస్తుతము టెర్మినలుమీద ఏమి ఉన్నదో చూపు పటము. రెండవది, ఏమి ఉండవలెనో చూపు పటము. ప్రోగ్రాము వ్రాయువాడు ఈ రెండవ పటములో మాత్రమే వ్రాయును. 'మూవ్' అని చోటు చెప్పి, 'యాడ్‌స్ట్రింగ్' అని మాట చేర్చును. అప్పటికి టెర్మినలుకు ఒక్క అక్షరమైనను పోదు. 'రిఫ్రెష్' అని పిలిచినప్పుడు కర్సెస్ రెండు పటములను గడి గడికి పోల్చి, తేడా ఉన్న గడులను మాత్రమే టెర్మినలుకు పంపి, మొదటి పటమును సవరించుకొనును. తెరలో కొంత భాగమును వేరు చేసి ప్రత్యేకపు 'విండో'గా వాడుకొనుటకు కూడ ఏర్పాటు కలదు.

తెరమీద 19 అను సంఖ్య 20గా మారవలెనని అనుకొందము. కర్సరును అక్కడికి పంపుటకు ఏడీఎమ్-3ఏలో 4 సంకేతములు, కొత్త అంకెలు 2, వెరసి 6. సెకనుకు 30 అక్షరముల తీగమీద దీనికి పట్టు కాలము సెకనులో ఐదవ వంతు. తెరనంతటిని వ్రాసినచో 64 సెకనులు.

కర్సరును జరుపుటలో కూడ కర్సెస్ బేరము చూచును. రెండు గడులు వెనుకకు పోవుటకు నాలుగు సంకేతముల ఆజ్ఞ కంటె రెండు 'వెనుకకు' సంకేతములు చవక. క్రింది పంక్తి మొదటికి పోవుటకు పంక్తి మార్పు, మొదటికి మరలింపు, ఈ రెండు చాలును. రెండు గడులు ముందుకు పోవలసినప్పుడు అక్కడ ఇదివరకే ఉన్న రెండు అక్షరములను మరల అదేచోట వ్రాసినచో తెరలో మార్పు ఉండదు గాని కర్సరు ముందుకు జరుగును. ఇట్టి మార్గములన్నిటి ఖర్చును లెక్కించి, తక్కువదానిని ఎన్నుకొనుట లైబ్రరీ పని. ప్రోగ్రాము వ్రాయువానికి ఈ గొడవ తెలియనక్కరలేదు.

ఈ విధానమునకు ఒక బలహీనత కూడ ఉన్నది. మెమరీలోని మొదటి పటము నిజమైన తెరతో సరిపోలినంతవరకే దాని లెక్క సరియైనది. టెలిఫోను తీగలో గరగర వలన ఒక అక్షరము చెడినను, మరియొక వాడుకరి పంపిన సందేశము తెరమీద పడినను, ఆ సంగతి కర్సెస్‌కు తెలియదు. అట్టి సమయమున తెరనంతటిని మరల వ్రాయించుకొనుటకు పలు ప్రోగ్రాములలో 'కంట్రోల్-ఎల్' మీటలను ఏర్పాటు చేసినారు. ఆ అలవాటు ఇప్పటికిని నిలిచియున్నది.

ఆటనుండి వ్యాప్తి

కర్సెస్ ప్రచారమునకు ఒక ఆట మిక్కిలి తోడ్పడినది. శాంటాక్రూజ్‌లోని విశ్వవిద్యాలయములో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అను విద్యార్థులు ఈ లైబ్రరీని వాడి 'రోగ్' అను ఆటను వ్రాసినారు. అందులో నేలమాళిగలోని గదులు, దారులు, రాక్షసులు, నిధులు అన్నియు అక్షరములతోను, చిహ్నములతోను చూపబడును. ఆడువాడు ఒక అడుగు వేయగా రెండు మూడు గడులు మాత్రమే మారును. కర్సెస్ వంటి పొదుపరికి ఇంతకంటె తగిన పని దొరకదు. తరువాత బర్కిలీకి వచ్చిన టాయ్‌తో ఆర్నాల్డ్ కలిసి ఆటను పెంపొందించినారు. 1983లో బర్కిలీ యూనిక్స్ 4.2 విడుదలతో పాటు అది ఎన్నో విశ్వవిద్యాలయములకు చేరినది. ఆట ఆడినవారిలో కొందరు అది ఎట్లు వ్రాయబడినదో తెలిసికొనగోరి కర్సెస్‌ను నేర్చుకొన్నారు.

పెరుగుదల, పునర్నిర్మాణము

టెర్మ్‌క్యాప్ ఫైలు పెరిగిన కొలది ఒక ఇబ్బంది కనబడినది. వందలకొలది వివరణలలో కావలసినదానిని మొదటినుండి వెదకి చదువుకొనుటకు కాలము పట్టేది. బర్కిలీలో వీఐ, టెర్మ్‌క్యాప్‌ల పనిలో పాలుపంచుకొని, 1981లో బెల్ లాబొరేటరీలలో చేరిన మేరీ ఆన్ హోర్టన్ దీనికి బదులుగా 'టెర్మ్‌ఇన్ఫో'ను నిర్మించినారు. ఇందులో ఒక్కొక్క టెర్మినల్ వివరణ ముందుగానే యంత్రమునకు సులభమైన రూపములోనికి మార్చబడి, వేరు వేరు ఫైళ్లలో ఉండును. కర్సరు ఆజ్ఞలో వచ్చు లెక్కలకు కూడ ఒక చిన్న గణిత భాష ఏర్పడినది. కర్సెస్‌ను కూడ ఆమె దీనికి అనుగుణముగా తిరగవ్రాసినారు. ఇది 1984లో సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ రెండవ విడుదలలో వచ్చినది. ఆ దశకము ముగియులోగా రంగులు, జాబితాలు, నింపవలసిన ఫారములు మొదలగునవి చేరినవి.

అయితే సిస్టమ్ ఫైవ్ మూలము ఏటీ అండ్ టీ కంపెనీ సొత్తు. లైసెన్సు లేనివారు దానిని చదువుటకు గాని, దిద్దుటకు గాని వీలు లేదు. టెర్మినళ్ల తయారీదారుల కట్టునుండి విడిపించిన లైబ్రరీ ఇప్పుడు తానే ఒక కట్టులో చిక్కుకొన్నది. ఈ కట్టు విడివడుటకు పదేండ్ల పైన పట్టినది. 1982లో పావెల్ కర్టిస్ అదే విధముగా పనిచేయు లైబ్రరీని సొంతముగా వ్రాసి 'పీకర్సెస్' అను పేర ప్రజలపరము చేసినారు. జైద్ బెన్-హలీమ్ దానిని చేపట్టి 'ఎన్‌కర్సెస్', అనగా కొత్త కర్సెస్ అను పేర పెంచినారు. దాని 1.8.1 విడుదల 1993 నవంబరులో వచ్చినది. ఎరిక్ రేమండ్, యుర్గెన్ ఫైఫర్‌లు పలు భాగములు చేర్చినారు. 1990ల నడిమినుండి దాని బాధ్యతను థామస్ డికీ వహిస్తున్నారు. 1998లో దాని హక్కులు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనుకు అప్పగింపబడినవి.

తెలుగక్షరము, గడి

ఆరంభములో కర్సెస్ గడికి ఒక ఇంగ్లీషు అక్షరము చొప్పున లెక్కించినది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి పట్టికలోనే తెలుగునకు స్థానము దొరికినది. 1996లో ఎక్స్/ఓపెన్ సంస్థ ప్రకటించిన కర్సెస్ ప్రమాణములో ఇతర లిపుల అక్షరములకు ఏర్పాటు వచ్చినది. ఎన్‌కర్సెస్ కూడ తరువాత దానిని అమలు చేసినది. కాని చిక్కు పూర్తిగా తీరలేదు.

'స్త్రీ' అను మాటను తీసికొందము. చదువునప్పుడు అది ఒకే అక్షరము. యూనికోడ్‌లో సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము అని ఆరు సంకేతములు. పొల్లునకు, గుడిదీర్ఘమునకు ప్రత్యేకపు గడి లేదు గనుక, సాధారణ లెక్కలో దీనికి మూడు గడులు. ఒత్తులను సరిగా కూర్చి చూపు తెరమీద అది ఆక్రమించు స్థలము అంతకంటె తక్కువ. ప్రోగ్రాము మూడు గడులని లెక్కించి, తెర ఒకటో రెండో గడులు మాత్రమే వాడినచో కర్సరు ఒకచోట, అక్షరము ఒకచోట ఉంటాయి. రెండు పటములు సరిపోలవలెనన్న మూల నియమమే ఇక్కడ దెబ్బతింటున్నది. కావుననే అక్షరాల తెరమీద తెలుగు పాఠము తరచు చెదిరి కనబడుతున్నది. ఇది లైబ్రరీ ఒక్కటే దిద్దగల లోపము కాదు. ఏ అక్షరమునకు ఎన్ని గడులో తెర వ్రాయువారు, లైబ్రరీ వ్రాయువారు ఒకే లెక్కకు రావలెను.

నేటి స్థితి

గాజు తెర టెర్మినళ్లు దాదాపు కనుమరుగైనవి. వాటి స్థానమున కంప్యూటరు తెరమీద కిటికీగా తెరుచుకొను ప్రోగ్రాములు వచ్చినవి. 1984లో మొదలైన 'ఎక్స్‌టెర్మ్' అట్టిది. అది అనుకరించునది వీటీ-100 జాతి యంత్రములనే. యంత్రము పోయినను దాని భాష మిగిలినది. దూరమున ఉన్న సర్వరును అక్షరముల ద్వారానే నిర్వహించు ఉద్యోగులు వాడు 'నానో', 'హెచ్‌టాప్' వంటి ప్రోగ్రాములు, లినక్స్ కెర్నెలును కూర్చుకొనుటకు వాడు జాబితాల తెర, పైథాన్ భాషలోని కర్సెస్ భాగము, ఇవన్నియు ఈ వంశము మీదనే ఆధారపడినవి. నేడు తీగ వేగము వేల రెట్లు పెరిగినను, సముద్రముల కావల ఉన్న సర్వరుతో పనిచేయువారికి పొదుపు ఇంకను అక్కరకు వస్తున్నది. ఎన్‌కర్సెస్‌తో వచ్చు టెర్మ్‌ఇన్ఫో భాండాగారములో వేయికి పైగా వివరణలు ఉన్నవి. తయారీ ఆగిపోయిన యంత్రముల వివరణలు కూడ అందులో భద్రముగా ఉన్నవి.

ఇంత విస్తృతముగా వాడబడు వస్తువునకు నిత్యము కాపలా అవసరము. 2023లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఎన్‌కర్సెస్‌లో మెమరీకి సంబంధించిన లోపములను కనుగొన్నారు. దురుద్దేశముతో తయారు చేసిన టెర్మినల్ వివరణను ప్రోగ్రాము చదువునట్లు చేసినచో హాని కలుగవచ్చునని తేలినది. ఆ యేడు ఏప్రిలులో సవరణ వెలువడినది. వివరణను ప్రోగ్రామునకు వెలుపల ఉంచుట వలన వచ్చిన స్వేచ్ఛతో పాటు, వెలుపలినుండి వచ్చినదానిని పరీక్షించి గాని నమ్మరాదన్న జాగ్రత్త కూడ కావలెనని దీనివలన తెలుస్తున్నది. ఇట్టి లైబ్రరీలను కనిపెట్టుకొని ఉండువారు చాల కొద్దిమంది. వారి పని ఆగినచో దాని మీద ఆధారపడిన వారికి ఆ సంగతి వెంటనే తెలియకపోవచ్చును గాని, నష్టము మాత్రము తప్పదు.

ఏడీఎమ్-3ఏ కొరకు వ్రాయబడిన కొద్దిపాటి వివరణ నేటికిని ఆ భాండాగారములో ఉన్నది. ఎక్కడైనను ఒక ప్రయోగశాలలో గాని, వస్తుప్రదర్శనశాలలో గాని అట్టి టెర్మినల్ మిగిలియుండి, దానిని నేటి లినక్స్ యంత్రమునకు కలిపి దాని పేరును తెలిపినచో, నిన్న వ్రాసిన ప్రోగ్రాము ఆ పాత తెరమీద అక్షరములను యథాస్థానమున నిలుపగలదు. ఆ టెర్మినల్ ఉన్నదని ఆ ప్రోగ్రాము వ్రాసినవానికి తెలిసియుండవలసిన పని కూడ లేదు.